గుట్టకి రంగేస్తే గుట్ట మానుతుందా?

పోయిన నెల ఈ పేజీలో మాటవరసకి ఒక లైన్ రాశాను, గనులు తవ్వి వదిలేసిన నేలల్ని, మురికిపట్టిన చెరువుల్ని బాగుచేసే పనిలోకి ఆర్టిస్టులు కూడా దిగుతున్నారు, దాన్నే ఎకలాజికల్ ఆర్ట్ అంటున్నారు అని. అంతే, మెయిల్స్ మీద మెయిల్స్. సగం మంది తిట్టారు, మిగతా సగం "మా ఊళ్ళో కూడా ఒక గొయ్యి ఉందండీ" అన్నారు. అందుకే ఈసారి పెళ్ళి ప్రశ్నలూ అత్తగారి ప్రశ్నలూ పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా, ఎడిటర్ గారు ఏమీ అనుకోకపోతే.

ప్రశ్న: మాది గోదావరిఖని. నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నా, మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసి రిటైర్ అయ్యారు. ఊరి చుట్టూ ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచే తవ్వే బొగ్గు గనుల కోసం తవ్వి పోసిన మట్టిగుట్టలే. ఈమధ్య ఒక ఆఫీసు వాళ్ళు మా బ్యాచ్‌ని పిలిచి గుట్ట ముందు గోడ కట్టిస్తాం, దాని మీద నెమళ్ళు జింకలు వెయ్యండి అన్నారు, డబ్బులు కూడా బాగానే ఇస్తారట. ఇది ఎకో ఆర్టే కదా అని ఫ్రెండ్స్ అంటున్నారు, నాకెందుకో మనసొప్పట్లేదు. వెయ్యాలా వద్దా?

జవాబు: డబ్బులిస్తే వెయ్యి తల్లీ, అందులో తప్పేం లేదు, రంగుల ఖర్చు హాస్టల్ ఖర్చు ఎవరికైనా ఉంటాయి. కాకపోతే దాన్ని గోడ మీద బొమ్మ అనే పిలువు. గోడ వెనకాల గుట్ట ఎలా ఉందో అలాగే ఉంటే అది పైన పటారం లోన లొటారమే.

నీకొచ్చిన డౌటే 1979లో అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే శిల్పికి వచ్చింది. సియాటెల్ దగ్గర కింగ్ కౌంటీ వాళ్ళు, కంకర తవ్వి వదిలేసిన గోతులూ అలాంటి పాడుబడ్డ జాగాలూ ఆర్టిస్టులకి చూపించి వీటిని ఏం చేస్తారో చెయ్యండి అన్నారు. మోరిస్‌కి దక్కింది జాన్సన్ పిట్ అనే గొయ్యి. దాన్ని మెట్లు మెట్లుగా చెక్కించి గడ్డి వేయించాడు, ఒక పక్కన మాత్రం కొట్టేసిన చెట్ల మోడుల్ని పీకకుండా వాటికి నల్లగా తారు పూయించి అలాగే నిలబెట్టాడు. పచ్చగడ్డి చూసి మురిసిపోదామని వచ్చినవాడికి ముందు ఆ నల్ల మోడులు కనబడాలన్నమాట. ఇంకా గొప్ప విషయం ఏంటంటే, డబ్బులిచ్చి పిలిచిన వాళ్ళ ముందే మైకులో అడిగేశాడు, మేం వచ్చి అందంగా తయారు చేసి పెడుతుంటే రేపు ఇంకో కొండ తవ్వడం ఇంకా సులువైపోదా అని. నలభై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్నకి ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు, నేనూ చెప్పలేను.

ఇక గుట్ట సంగతి. మీవాళ్ళు ఓబీ అనేది, అంటే బొగ్గు మీదున్న మట్టీ రాయీ అంతా తీసి పోసింది. భూమి లోపల వందల అడుగుల కింద ఉండాల్సిన రాయి పైకొచ్చి కూర్చుంటుంది, పైన ఉండాల్సిన పంటమట్టి ఎక్కడో అడుగునపడిపోతుంది. నత్రజని లేదు, ఆకు కుళ్ళిన మట్టి లేదు, నీళ్ళు నిలవవు. వానొస్తే గుట్ట గీతలు గీతలుగా కోసుకుపోయి ఆ మట్టంతా ఒర్రెలోకి, అక్కణ్ణుంచి కింద పొలాల్లోకి. అందుకే తవ్వేముందే పైమట్టిని విడిగా తీసి దాచి, చివర్లో గుట్ట మీద మళ్ళీ పరవాలని నిబంధన. పరిచాక వాలుకి అడ్డంగా గట్లు, ముందు గడ్డి, జనుము లాంటి నత్రజని పట్టే మొక్కలు, ఆ తర్వాతే చెట్లు. ఒకేసారి జామాయిల్ తోటలాగా నాటేసి ఫోటో దిగితే అది పచ్చగా కనిపిస్తుంది కానీ అడవి అవ్వదు.

ఇందులో ఆర్టిస్టుకి పనేంటి అంటావా, పెన్సిల్వేనియాలో వింటన్‌డేల్ అనే బొగ్గు ఊరు చూడు. మూతపడ్డ గనిలోంచి యాసిడ్ నీళ్ళు వచ్చేవి, బొగ్గుతో పాటు ఉండే పైరైట్‌కి, అంటే ఇనుమూ గంధకం కలిసిన ఖనిజానికి, గాలీ నీళ్ళూ తగిలితే గంధకామ్లం తయారవుతుంది, ఇనుము కరిగి వాగంతా నారింజ రంగు. 1994లో అలెన్ కాంప్ అనే చరిత్రకారుడు ఒక సైంటిస్టుని, ఒక శిల్పిని, ఒక లాండ్‌స్కేప్ డిజైనర్‌ని కూడగట్టి 35 ఎకరాల్లో వరసగా చెరువులు తవ్వించాడు. మురికి నీళ్ళు ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి పారుతూ సున్నపురాయి తగిలి, రెల్లు తగిలి, ఇనుము దిగిపోయి చివరికి తేటపడతాయి. మామూలుగా అయితే చుట్టూ కంచె వేసి ప్రవేశం లేదు బోర్డు పెట్టే ప్లాంటు అది. వీళ్ళు ఏం చేశారంటే నీళ్ళు మారే వరసలోనే గట్ల మీద చెట్లు నాటారు, ఆకురాలే కాలంలో యాసిడ్ వైపు చెట్లు ఎర్రగా నారింజగా, బాగుపడ్డ వైపు పచ్చగా తిరుగుతాయి, అంటే కెమిస్ట్రీ ల్యాబ్‌లో లిట్మస్ కాగితం చూసినట్టు ఊరు ఊరంతా దూరం నుంచే నీళ్ళ సంగతి చదువుకోవచ్చు. మూసేసిన గని ద్వారం దగ్గర నల్లరాతి మీద షిఫ్టు దిగి వస్తున్న కార్మికుల బొమ్మలు నిలువెత్తున చెక్కి పెట్టారు.

అక్కడ నెమలి లేదు చూశావా. నువ్వు కూడా ఆ ఆఫీసువాళ్ళని ఒక్క ముక్క అడుగు, వానాకాలంలో ఈ గుట్ట మీద నీళ్ళు ఎటు పోతున్నాయి సార్ అని. మ్యాప్ తీసి చూపిస్తే మాట్లాడదగిన మనుషులే, గోడ పక్కన ఒక అర ఎకరం వాలు కూడా అడిగి పుచ్చుకో. నవ్వి ఊరుకుంటే గోడ మాత్రమే వెయ్యి, నెమళ్ళ బదులు మీ నాన్నగారి షిఫ్టు వెయ్యి.

ప్రశ్న: నేను విజయవాడలో ఉండే రిటైర్డ్ ఇంజనీర్‌ని. మట్టిలో విషం తీసేది సైంటిస్టు, గట్టు కట్టేది ఇంజనీరు. మధ్యలో ఈ ఆర్టిస్టు ఎందుకండీ, పేరు కోసం కాకపోతే?

జవాబు: కోప్పడకండి సార్, మీరన్నదాంట్లో సగం నిజమే. మిగతా సగం కోసం మెల్ చిన్ కథ చెప్తాను.

రూఫస్ చేనీ అని అమెరికా వ్యవసాయ శాఖలో మట్టి శాస్త్రవేత్త. కొన్ని మొక్కలు కాడ్మియం, జింక్ లాంటి లోహాల్ని మామూలు మొక్కల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఆకుల్లోకి లాగేసుకుంటాయి, వాటిని పెంచి కోసి తీసేస్తుంటే నేల మెల్లగా శుభ్రపడొచ్చు అని ఆయన 1983 నుంచీ చెప్తున్నాడు. చెప్పడం అయితే చెప్తున్నాడు గానీ నిజమైన విషపు నేల మీద పెట్టి చూసే అవకాశమే రాలేదు. ఈలోపు మెల్ చిన్ అనే శిల్పి ఆయన్ని వెతికి పట్టుకుని, నేను స్థలం చూస్తా, డబ్బులు తెస్తా, మీరు సైన్స్ చూసుకోండి అన్నాడు.

డబ్బుల దగ్గరే తమాషా. 1990లో కళలకి సాయం చేసే అక్కడి ప్రభుత్వ సంస్థలో కమిటీ వాళ్ళు 10,000 డాలర్లు ఓకే చేస్తే, పైన ఉన్న ఛైర్మన్ ఇది కళ ఎలా అవుతుంది అని కొట్టేశాడు. అంటే మీ ప్రశ్నే, సీటు వేరు. చిన్ స్వయంగా వెళ్ళి కూర్చుని చెప్పాడు, శిల్పి రాయిలోంచి అక్కర్లేనిది చెక్కి తీసేస్తాడు కదా, నేను మట్టిలోంచి విషం చెక్కి తీస్తున్నా, నా ఉలి మొక్క అని. (మాటలు నావి, వాదన ఆయనది.) డబ్బులు మళ్ళీ వచ్చాయి.

1991లో మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లో పిగ్స్ ఐ అనే పాత చెత్తదిబ్బ మీద సుమారు 60 అడుగుల చదరం, లోపల ఒక వృత్తం, రెండు దారులు అడ్డంగా నిలువుగా, పైనుంచి చూస్తే తుపాకీ గురిలాగా ఉంటుంది. ఆ వృత్తంలో 96 మడులు, రకరకాల మొక్కలు, రకరకాల ఎరువులు, పక్కా ఫీల్డ్ ట్రయల్. మూడేళ్ళు నడిచింది. ఆవాల కుటుంబానికి చెందిన థ్లాస్పి అనే చిన్న మొక్క బాగా లాగింది. అమెరికాలో ఇలా నేల మీదే జరిగిన మొదటి ప్రయోగం ఇదేనంటారు.

ఇక్కడ ఆర్టిస్టు మొక్కని కనిపెట్టలేదు, మీరు ఆ పాయింట్ పట్టుకుంటారని తెలుసు. ఆయన చేసింది ఏంటంటే ఫైల్లో పడున్న ఆలోచనకి చోటు ఇప్పించాడు, ఎవరూ చూడని చెత్తదిబ్బ వైపు జనం తల తిప్పేలా చేశాడు. మీ సర్వీసులో మంచి డిజైన్ ఎన్ని బీరువాల్లో ఉండిపోయిందో మీకే తెలియాలి. ఇంకోటి, పేరు కోసమే అయితే ఆ పని అస్సలు పనికిరాదు, మూడేళ్ళు పోయి చూస్తే కంచె లోపల కలుపుమొక్కలున్నట్టు ఉంటుంది అంతే.

ప్రశ్న: అనకాపల్లి దగ్గర ప్రభుత్వ స్కూల్లో టీచర్‌ని. స్కూల్ వెనక పాత డంపింగ్ యార్డ్ ఉంది. పిల్లలతో అక్కడ పొద్దుతిరుగుడు మొక్కలు పెట్టించి పెద్ద సూర్యుడి బొమ్మలా పెంచుదామని ప్లాన్. పొద్దుతిరుగుడు విషాన్ని పీల్చేస్తుందని వీడియోల్లో చూశాను. కరెక్టేనా మేడమ్?

జవాబు: ముందు పిల్లల్ని అందులోకి దింపకండి టీచర్ గారూ. మట్టి టెస్ట్ చేయించండి, ఆ తర్వాత మిగతావి.

ఈ పొద్దుతిరుగుడు సంగతి కొంచెం విప్పి చెప్పాలి. చెర్నోబిల్ ప్రమాదం తర్వాత కొన్నేళ్ళకి అక్కడి ఒక చెరువులో తెప్పల మీద పొద్దుతిరుగుడు పెంచితే వేర్లు నీళ్ళలోంచి రేడియోధార్మిక పదార్థాన్ని బాగానే లాగాయి. ఆ కథ ప్రపంచం చుట్టొచ్చింది. 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం అప్పుడు జపాన్‌లో ఊళ్ళకి ఊళ్ళు పొద్దుతిరుగుడు వేశాయి, ఎంత అందంగా ఉన్నాయో ఫోటోలు చూసే ఉంటారు. ఆ దేశపు వ్యవసాయ శాఖ టెస్ట్ చేసి చూస్తే మొక్కలు లాగింది మట్టిలో ఉన్న సీసియం అనే రేడియోధార్మిక పదార్థంలో 2,000వ వంతు. ఎందుకంటే నీళ్ళలో తేలుతున్న సీసియం వేరు, బంకమట్టి రేణువులు బిగించి పట్టుకున్న సీసియం వేరు, మట్టి వదిలితే కదా మొక్క తీసుకోవడానికి. చివరికి అక్కడ పనికొచ్చింది పైపొర గీకి తీసెయ్యడం. అయితే ఆ పూలు వృథా అంటే నేను ఒప్పుకోను, ఊరు ఖాళీ చేసి వెళ్ళాల్సిన వాళ్ళకి ఆ వేసవి ఏదో ఒకటి చేతుల్తో చేసే పని దొరికింది. కానీ దాన్ని వైద్యం అనకూడదు.

ఒకవేళ మొక్క నిజంగానే విషం లాగిందనుకోండి, అప్పుడు ఇంకో తలనొప్పి, ఆ విషం ఇప్పుడు గింజలో ఆకులో ఉంది. పిల్లలు గింజలు కొరుకుతారు, మేకలు ఆకు మేస్తాయి. అలాంటి మొక్కల్ని కోసి విడిగా తగలబెట్టి బూడిద కూడా జాగ్రత్త చెయ్యాలి. ఈ ముక్క ఏ వీడియోలోనూ ఉండదు.

మీ ఆలోచన మాత్రం వదలకండి. ఆగ్నెస్ డెనెస్ అనే ఆర్టిస్ట్ 1982లో న్యూయార్క్‌లో వాల్ స్ట్రీట్ పక్కనే, మట్టీ శిథిలాలూ పోసి పూడ్చిన 2 ఎకరాల్లో గోధుమ పండించింది. ఆవిడ ఆ నేలని శుభ్రం చేస్తున్నానని చెప్పుకోలేదు, 200 ట్రక్కుల మంచిమట్టి తోలించి పైన పరిపించింది, రాళ్ళూ చెత్తా ఏరించి 285 చాళ్ళు చేత్తో తీయించింది, ఆగస్టులో కోస్తే 1,000 పౌండ్ల పైన గోధుమలు వచ్చాయి. అప్పట్లోనే 450 కోట్ల డాలర్లు పలికే భూమిలో పండిన పంట అది! తర్వాత అక్కడ భవనాలు లేచాయి. మీరూ అలాగే దిబ్బని తవ్వకుండా, స్కూల్ ఆవరణలో బయటి మట్టి పోసి మడులు కట్టి, దిబ్బ ఎదురుగా సూర్యుణ్ణి పండించండి. పిల్లలు రోజూ రెండూ చూస్తారు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. ఫెయిర్ పార్క్‌లో చెరువు మీద ఎర్రమట్టి రంగులో వంకరటింకర కాంక్రీట్ దారులున్నాయి, పిల్లలు ఎక్కి ఆడుతుంటారు. మా కొలీగ్ ఇది ఎకలాజికల్ ఆర్ట్ అంటుంది. నిజమా?

జవాబు: నిజం, మీ పిల్లలు అదృష్టవంతులు! ప్యాట్రీషియా జొహాన్సన్ 1981 నుంచి 1986 మధ్య చేసింది అది. అప్పట్లో చుట్టూ లాన్‌లకి వేసే ఎరువంతా వానతో చెరువులోకి దిగి పాచి పట్టి నీళ్ళు చచ్చిపోయి ఉండేవి, అలలకి గట్టు కోసుకుపోయేది. ఎరువులు ఆపమంది, ఆ ప్రాంతపు నీటిమొక్కలు చేపలు తాబేళ్ళు ఏం తింటాయో ఎక్కడుంటాయో కూర్చుని చదువుకుంది. మీరు చూసిన ఆ వంకరలు ఏవంటే, ఒకటి నీటిమొక్క వేర్లు కాడల ఆకారం, ఇంకోటి ఫెర్న్ ఆకు ఆకారం. ఉత్తినే అందానికి కాదు, అలల జోరు వాటికి తగిలి విరిగిపోతుంది, గట్టు నిలబడుతుంది, మధ్యలో నీళ్ళు కదలకుండా ఉన్న చోట మొక్కలు బతుకుతాయి, తాబేళ్ళు ఎక్కి ఎండ కాచుకుంటాయి. ఈసారి వెళ్ళినప్పుడు ఒక గంట కదలకుండా కూర్చోండి, ఫోన్ తీయకుండా.

ప్రశ్న: చెట్లు నాటితే ఆర్టా? అలా అయితే మన దగ్గర హరితహారంలో కోట్ల మొక్కలు నాటారు, నాటినోళ్ళంతా ఆర్టిస్టులేనా?

జవాబు: మీ వెటకారం నాకు నచ్చింది. సీరియస్‌గానే చెప్తా.

1982లో జర్మనీ కాసెల్ ఊళ్ళో జోసెఫ్ బోయిస్ అనే ఆర్టిస్ట్ 7,000 చెట్లు నాటతానన్నాడు. నాటేముందు మ్యూజియం ఎదుట పచ్చిక మీద 7,000 నల్ల బసాల్ట్ రాళ్ళు తెచ్చి కుప్ప పోయించాడు. ఒక్కో చెట్టు నాటినప్పుడల్లా కుప్పలోంచి ఒక్కో రాయి తీసి ఆ చెట్టు పక్కన పాతాలి, అదీ రూలు. జనం మండిపడ్డారు, ఊరి నడిబొడ్డున ఈ రాళ్ళేంటి అని. పోవాలంటే ఒకటే దారి, చెట్లు నాటడం. మనకి మొక్కల లెక్క కాగితం మీద ఉంటుంది, వాళ్ళకి మ్యూజియం గుమ్మంలో అడ్డంగా పడుంది, అదీ తేడా. బోయిస్ 1986లో పోయాడు, చివరి చెట్టు 1987లో ఆయన కొడుకు నాటాడు. నాటిన రోజు రాయి పెద్దది మొక్క చిన్నది, ఇప్పుడు వెళ్ళి చూస్తే చెట్టు కింద రాయి పిల్లాడిలా నిలబడి ఉంటుంది. చెట్టు చచ్చిపోతే? రాయి ఒక్కటే మిగిలి ఇక్కడ ఒక చెట్టుండాలి అని చూపిస్తూ ఉంటుంది. మన రోడ్డు డివైడర్ల మీద చచ్చిపోయిన మొక్క పక్కన అలాంటి రాయి ఒకటి ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఫిన్లాండ్‌లో ఇందాక చెప్పిన డెనెస్సే కంకర గనుల దగ్గర ఒక గుట్ట కట్టించి 11,000 మంది చేత 11,000 చెట్లు నాటించింది, 1992 నుంచి 1996 దాకా. ఎవరి చెట్టుకి వాళ్ళ పేరు మీద సర్టిఫికెట్, వారసులకి కూడా ఇచ్చుకోవచ్చు, 400 ఏళ్ళు కొట్టకూడదని ఒప్పందం. మన భాషలో చెప్పాలంటే పట్టా చెట్టు.

ఇక ఆర్టిస్టు ఎవరు అంటారా, ఖమ్మం వనజీవి రామయ్య గారు మెడలో "వృక్షో రక్షతి రక్షితః" పలక వేసుకుని జేబుల్లో విత్తనాలతో ఊరూరూ తిరిగారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన్ని ఆర్టిస్ట్ అని ఎవరూ అనలేదు, నన్నడిగితే ఆ పలకా ఆ నడకా మ్యూజియంలో ఉన్న చాలావాటి కన్నా మేలు.

ప్రశ్న: బతుకమ్మ కూడా ఎకలాజికల్ ఆర్టేనా? (సిద్దిపేట నుంచి)

జవాబు: ఆ పేరు పెట్టి దాన్ని చిన్నది చెయ్యొద్దు అక్కా. ఒక్క మాట మాత్రం, తంగేడూ గునుగూ ఎవరూ సాగు చెయ్యరు, బీళ్ళలో గట్ల మీద చేలల్లో వాటంతట అవే మొలుస్తాయి. గడ్డిమందు కొట్టినచోట గునుగు ఉండదు, బీడు ప్లాట్లైన చోట తంగేడు ఉండదు. ఈ ఏడు మీ వీధిలో ఎంతమంది గునుగు పూలు బజారులో కొన్నారో లెక్కపెట్టి రాయండి, వచ్చే సంచికలో వేస్తా.

ప్రశ్న: తాండూరు దగ్గర మాకు మూడెకరాల నాపరాయి క్వారీ గుంత ఉంది, రాయి అయిపోయింది, నీళ్ళు నిండి ఉన్నాయి. మా అబ్బాయి అక్కడ ఏదైనా ఆర్ట్ పార్క్ లాగా చేద్దాం అంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అంచు దగ్గర మొదలుపెట్టండి అన్నా. క్వారీ గుంతలు నిలువుగా తెగి ఉంటాయి, పిల్లలు పశువులు జారితే పైకి రాలేరు. ముందు ఒక పక్క అయినా వాలు చేయించండి, మనిషి నడిచి దిగి నడిచి ఎక్కేలా. మీ దగ్గర పగిలిన బండలు గుట్టలుగా పడుంటాయి కదా, బయటనుంచి ఒక్క బస్తా సిమెంట్ కూడా కొనక్కర్లేదు, మెట్లకి కట్టలకి అవే. నీళ్ళ అంచున తుంగ, రెల్లు వాటంతటవే వస్తే రానివ్వండి, పిట్టలు వాటి వెనకాలే వస్తాయి. మొదటి ఏడాది శిల్పాలు గిల్పాలు ఏమీ వద్దు, నీళ్ళు ఎంత ఎక్కుతున్నాయి ఎంత దిగుతున్నాయి అని బండ మీద గీతలు పెట్టుకుంటూ పోండి.

మీ అబ్బాయికి ఒక కథ చెప్పండి. 1971లో రాబర్ట్ స్మిత్సన్ అనే అమెరికన్ ఆర్టిస్ట్ నెదర్లాండ్స్‌లో ఎమ్మెన్ ఊరి దగ్గర ఇసుక క్వారీలో నీటి అంచున పెద్ద వృత్తం కట్టాడు, సగం నేల సగం నీళ్ళు. సరిగ్గా ఆ వృత్తం మధ్యలో ఒక పెద్ద గుండు, మంచుయుగంలో హిమానీనదం ఈడ్చుకొచ్చి వదిలింది, అడ్డంగా కూర్చుని ఉంది. ఆయనకి అది అస్సలు ఇష్టం లేదు, కానీ తీయించాలంటే తరం కాలేదు. ఇప్పటికీ అది అక్కడే ఉంది, వెళ్ళినవాళ్ళు ముందు చూసేది దాన్నే.

మీ గుంతలో అలా కదలనిది ఏముందో చూసి, వానలు పడ్డాక ఒక ఫోటో పంపండి.